పాత జీపు – క్రొత్త చమురు



వ్యాకరణము చెప్పి జీవించినవాడు జీపు క్రిందికి దూరి చమురు మార్చుటను గూర్చి ప్రసంగింపవచ్చునా యని కొందఱకు సందేహము కలుగవచ్చును. మన భాషలో కందెన యను మాట యున్నంతవఱకు ఇది మనకు పరాయి విద్య కాదు. ఆముదమును, కాల్చిన గడ్డి మసియు కలిపి బండి యిరుసునకు రాయుట మన రైతు లెఱిగినదే. తొలినాళ్ల విమానయంత్రములకు సైతము ఆముదము వాడిరి. 1909లో వెలువడిన క్యాస్ట్రాలు అను చమురు పేరు, ఆముదమునకు ఆంగ్లమున గల పేరునుండి పుట్టినదే.

మూడేండ్ల క్రిందట నేనొక పాత జీపును కొంటిని. మా మామిడితోట త్రోవలో వాగొకటి యడ్డముండుటచే నాలుగు చక్రములకును బలమందు బండియే కావలసివచ్చెను. “ఆయిలు మొన్ననే మార్పించాము, మాస్టారూ” అని అమ్మినవాడు చెప్పెను. ఆ మాట అసత్యము కాదు, అసంపూర్ణము. ఇట్టి బండిలో చమురు ఒక్క ఇంజనులోనే కాదు, గేరుబాక్సులోను, ట్రాన్స్‌ఫర్ కేసులోను, ముందు వెనుకల రెండు డిఫరెన్షియళ్లలోను వేఱువేఱుగా ఉండును. పాతబండి చరిత్రమును అమ్మినవాని నోట వినుటకంటె, ఈ యైదు చోట్ల దిగిన చమురులో చదువుట మేలు.

మొదట ఇంజను సంగతి. బండిని సమతలమున నిలిపి, చేతిబ్రేకు వేసి, చక్రములకు రాళ్లడ్డము పెట్టవలెను. జీపు ఎత్తైనది గావున తఱచు జాకీ యక్కఱలేదు. ఎత్తవలసివచ్చినచో ఉక్కు స్టాండ్లు పెట్టక, ఒక్క జాకీని నమ్మి క్రింద పరుండుట ప్రాణముతో జూదమాడుట. ఇంజనును ఐదు నిమిషములు నడిపి ఆపుడు. గోరువెచ్చని చమురు పలుచనై మడ్డితో కూడ దిగును. అడుగు బిరడాను సరియైన పానాతో విప్పి, చమురంతయు పళ్లెములోనికి దిగనిచ్చి, క్రొత్త వాషరుతో బిగింపవలెను. ఫిల్టరును తీసినపుడు పాత రబ్బరు వలయము ఇంజనునకు అంటుకొని మిగిలినదేమో చూడవలెను. క్రొత్త వలయమునకు కొంచెము చమురు రాసి, ఫిల్టరును చేతితోనే బిగింపవలెను. పిమ్మట కొలత పుల్లను చూచుచు చమురు పోసి, ఇంజను నడిపి, ఆపి, కొంతసేపైన తరువాత మరల కొలువవలెను.

డబ్బాపై 15డబ్ల్యు-40 వంటి గుర్తుండును. డబ్ల్యు అనగా చలికాలము. మొదటి యంకె చలిలోని పలుచదనమును, రెండవది వేడిలోని చిక్కదనమును తెలుపును. ఏ బండికేది తగునో దానితో వచ్చిన పుస్తకమే ప్రమాణము. గేరుబాక్సులోని యిత్తడి భాగములకు సరిపడని గేరాయిళ్లును కలవు. డీసెలు ఇంజనులో క్రొత్త చమురు కొలది దినములకే నల్లబడినను భయపడనక్కఱలేదు. అది మసి.

ఇక డిఫరెన్షియళ్లు. ఇచ్చట మొదట పోయు బిరడాను విప్పి, అది వచ్చిన తరువాతనే దించు బిరడాను ముట్టవలెను. చమురు దించిన తరువాత, తుప్పుపట్టిన పోయు బిరడా కదలకున్నచో బండి యున్నచోటనే నిలిచిపోవును. మరల పోయునపుడు, పోయు రంధ్రమునుండి పొరలువఱకు పోయుట సామాన్య నియమము.

నా జీపు ముందు డిఫరెన్షియలునుండి పాలు కలిపిన తేనీరువంటి ద్రవము దిగెను. చమురులో నీరు చేరినదనుట కదియే గుర్తు. పరుగుచే వేడెక్కిన డిఫరెన్షియలు వాగునీటిలో దిగగానే చల్లబడును. లోపలి గాలి సంకోచించి, బ్రీదరను శ్వాసరంధ్రము గుండను, అరిగిన సీళ్ల గుండను నీటిని పీల్చుకొనును. నీరు కలిసిన చమురు గేరు పండ్లను కాపాడజాలదు. దించు బిరడా కొనయందు అయస్కాంతమున్నచో దానిని పరీక్షింపవలెను. మెత్తని లోహపు పొడి సహజము, ముక్కలు ప్రమాదసూచన. నా యదృష్టముచే పొడియే దొరకెను. రెండుమార్లు చమురు మార్చి, బ్రీదరును శుభ్రపఱచితిని. ఆ తరువాత తేటచమురే దిగుచున్నది.

దిగిన చమురును కాలువలోనో, బావి దరినో పోయరాదు. 2016 నాటి కేంద్ర నియమముల ప్రకారము వాడిన చమురు ప్రమాదకర వ్యర్థము. చెదలు పట్టకుండ ద్వారబంధములకు పూయు అలవాటును విడువదగినదే. చేతికంటినచో సబ్బుతో కడుగుకొనవలెను. డబ్బాలో పోసి మూతవేసి, అనుమతి గల సేకరణదారునకు చేరునట్లు చూడవలెను.

మెకానిక్కుల వృత్తిని మనము లాగుకొనవలెనని నా యభిప్రాయము కాదు. సీళ్లు మార్చుట, గేర్లు విప్పుట వారి విద్య. చమురు చూచుట మాత్రము యజమాని ధర్మము. మార్చిన ప్రతిసారియు ఏ చోట మార్చితిరో, తేదీని, కిలోమీటర్ల సంఖ్యను ఒక పుస్తకమున వ్రాసి బండిలో నుంచుడు. రేపు మీ బండిని కొనువానికి మీ మాటకంటె ఆ పుస్తకమే నమ్మదగిన సాక్షి.

సెలవు.