ఉయ్యాల మొదలు ఊరి నీళ్ళ ట్యాంకు వరకు
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగము)



పంచాయతీ సభ్యులకు భౌతికశాస్త్రముతో పని యేమని మీలో కొందరు అనుకొనవచ్చును. మేమును మొదట అట్లే అనుకొంటిమి. పన్నుల వసూలు, వీధిదీపములు, మురుగుకాలువలు మున్నగు వానిని గూర్చి మాటలాడుట మాకు అలవాటు. కాని ఒక పర్యటనలో, ఒకానొక గ్రామమున, పంచాయతీ కార్యాలయపు వసారాలో జరిగిన చర్చ మా యుద్దేశమును మార్చినది.

ఆ గ్రామమున ఎత్తయిన స్తంభములపై కట్టిన నీళ్ళ ట్యాంకు కలదు. దాని నీడలోనే బడిపిల్లలు మధ్యాహ్న భోజనమునకు వరుసగా కూర్చుందురు. స్తంభములను ఒకదానితో నొకటి కలుపు అడ్డదూలములలో రెండింటికి కాంక్రీటు పెచ్చులూడి, తుప్పుపట్టిన ఇనుపచువ్వలు బయటపడి యుండెను. చేతనున్న కొద్దిపాటి నిధులతో ట్యాంకునకు రంగు వేయింపవలెనా, దూలములను బాగుచేయింపవలెనా యనునది ప్రశ్న. "నీళ్ళ బరువును మోయునవి స్తంభములు. అవి గట్టిగానే యున్నవి. అడ్డదూలములు మోయున దేమున్నది?" అని పెద్దవారొకరు వాదించిరి. ఆ మాటలో సగము నిజమే. మిగిలిన సగము తెలియవలెనన్న మనము ఉయ్యాల వద్దకు పోవలెను.

అట్లతద్దినాడు చెట్టుకొమ్మకు వేసిన ఉయ్యాలను చూడుడు. దానిని ఒకవైపునకు లాగి విడిచినచో నడిమికి వచ్చును, అక్కడ ఆగదు. వచ్చిన వేగము దానిని రెండవవైపునకు తీసికొనిపోవును. భూమ్యాకర్షణ మరల నడిమికి లాగును. ఈ రాకపోకలనే శాస్త్రజ్ఞులు డోలనములందురు. ఒకసారి పోయి వచ్చుటకు పట్టు కాలము ఆవర్తన కాలము.

ఆనాడు వసారా దూలమునకు దారముతో ఒక రాయిని వ్రేలాడదీసితిమి. ముడి నుండి రాతి నడుమకు ఒక మీటరు. కొంచెము లాగి విడిచి, గడియారము చూచుచు లెక్కించితిమి. ఒక నిమిషములో 30 డోలనములు. రాయి పెద్దదైన త్వరగా ఊగునని పెద్దవారు పట్టుబట్టిరి. రెండింతలు బరువైన రాయిని కట్టితిమి. అదియును 30 సార్లే ఊగెను. మరికొంచెము ఎక్కువ దూరము లాగి విడిచిననూ 30 సార్లే. అటుపిమ్మట దారమును నాలుగవ వంతునకు, అనగా 25 సెంటీమీటర్లకు తగ్గించితిమి. ఇక నాలుగురెట్లు ఊగునని అందరు ఎదురుచూచిరి. లెక్కకు వచ్చినవి 60 మాత్రమే. ఆవర్తన కాలము సగమగుటకు పొడవు నాలుగవ వంతు కావలెనని అక్కడివారందరు తమ కన్నులతోనే చూచిరి.

ఇటలీ దేశమున పీసా నగరపు దేవాలయములో ఊగుచున్న దీపమును చూచి గెలీలియోకు ఈ యూహ తట్టినదని ఒక ఐతిహ్యము. దీనిని ఆధారముగా గొని 1656లో హాలండు దేశీయుడైన హైగెన్సు లోలకపు గడియారమును నిర్మించెను. మన తాతల నాటి గోడగడియారము ఎండకాలమున వెనుకబడుటకును కారణ మిదియే. వేడికి లోలకపు కడ్డీ వెంట్రుకవాసి సాగును. పొడవు పెరిగినచో ఊపు నెమ్మదించును.

ఇక ట్యాంకునకు దగ్గరగు మరియొక డోలనమును చూతము. స్ప్రింగు త్రాసునకు కిలో బరువు తగిలించిన కొంత సాగును. రెండు కిలోలు తగిలించిన దానికి రెండింతలు సాగును. ఈ నియమమును రాబర్టు హుక్కు 1678లో ప్రకటించెను. నడిమి నుండి ఎంత దూరము జరిగినచో అంతకు తగిన బలముతో వెనుకకు లాగబడు వస్తువు చేయు చలనమునకు సరళ హరాత్మక చలనమని పేరు. పేరు పెద్దది గాని విషయము చిన్నదే. ఇందు రెండు సూత్రములు గుర్తుంచుకొనిన చాలును: బరువు పెరిగినకొలది ఊపు నెమ్మదించును, బిగువు పెరిగినకొలది ఊపు త్వరితమగును. మరి రాతి విషయమున బరువు లెక్కకు రాలేదేమని మీరడుగవచ్చును. రాతిని వెనుకకు లాగునదియు దాని బరువే గనుక, బరువు రెండింతలైన లాగు బలమును రెండింతలగును. ఒకదానికొకటి సరిపోవును.

ఉయ్యాల నూపు తల్లి తన బలమంతయు ఒకేసారి ఉపయోగింపదు. ఉయ్యాల తనవద్దకు వచ్చి మరలు క్షణమున వ్రేలితో నెట్టును. అట్లు ప్రతిసారి నెట్టినచో ఊపు పెరుగుచు పోవును. వేళ తప్పి నెట్టినచో చేయి నొచ్చుటయే గాని ఊపు పెరుగదు. వస్తువుయొక్క సహజమైన ఊపుతో వెలుపలి నెట్టుడు కలియుటను అనునాదమందురు. 1831లో ఇంగ్లాండున మాంచెస్టరు సమీపమున బ్రాటన్ వ్రేలాడు వంతెనపై సైనికులు అడుగులో అడుగు వేసి నడచుచుండగా వంతెన ఊగి, ఒక బోల్టు విరిగి కూలిపోయినది. అటుపిమ్మట వంతెనలపై అడుగు కలుపక నడువవలసినదని అక్కడి సైన్యమునకు ఉత్తరువులు వచ్చినవి.

భూకంపము వచ్చినపుడు నెట్టునది భూమియే. 1985 సెప్టెంబరు 19న మెక్సికో దేశపు పశ్చిమ తీరమున భూకంపము కలిగినది. దానికి దాదాపు 350 కిలోమీటర్ల దూరమున నున్న మెక్సికో నగరము దారుణముగా దెబ్బతిన్నది. ఆ నగరములో పెద్దభాగము పూర్వపు చెరువు మట్టిపై నిలిచియున్నది. ఆ మెత్తని నేల సుమారు రెండు సెకన్లకొక పర్యాయము ఊగినది. అనగా మన వసారాలోని రాయి ఊగినంత తీరికగా. ఆ ఊపునకు దగ్గరగా ఊగు నడిమి యెత్తు మేడలు ఎక్కువగా కూలినవి. తక్కువ యెత్తు ఇండ్లు పెక్కులు నిలిచినవి.

మనకు భూకంపముల భయము లేదని తలపరాదు. 1967 మార్చిలో ఒంగోలు ప్రాంతమున, 1969 ఏప్రిలులో భద్రాచలము ప్రాంతమున, 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో భూమి కంపించినది. 2001 జనవరి 26న గుజరాతులోని కచ్ఛ్ ప్రాంతమున వచ్చిన మహాభూకంపములో ఎత్తయిన నీళ్ళ ట్యాంకులు పలుచోట్ల దెబ్బతిన్నవి, కొన్ని కూలినవి.

ఇప్పుడు ఆ పెద్దవారి ప్రశ్నకు వత్తము. లక్ష లీటర్ల ట్యాంకు నిండియున్న నీళ్ళే నూరు టన్నులు. బరువంతయు పైన, క్రింద సన్నని కాళ్ళు. ఇది తలక్రిందులైన లోలకము. నేల కదలనంతవరకు అడ్డదూలములకు పని తక్కువ. నేల కదలినను, తుపానుగాలి వీచినను, ప్రక్కకు త్రోయు బలమును స్తంభములన్నియు కలసి యెదుర్కొనునట్లు చేయునవి అవియే. వెదురు నిచ్చెన మెట్లు రెండు తీసివేసి దానిని ప్రక్కకు నెట్టి చూడుడు. వెదుళ్ళు పాతవే, గట్టివే. కాని నిచ్చెన మెలితిరుగును. అడ్డదూలము పోయినచోట స్తంభము పొడవైనట్లే. అది ఎక్కువగా వంగును. వంగుట కాంక్రీటునకు సరిపడదు.

ఇది చెప్పగానే ఒక సోదరి లేచి, "అట్లయిన ట్యాంకును ఖాళీగానే ఉంచరాదా?" అని అడిగినది. తెలివైన ప్రశ్న. బరువు తగ్గును, ఊపును మారును, నిజమే. నిండినప్పుడు ఒక తీరుగను, ఖాళీగా నున్నప్పుడు మరియొక తీరుగను ఊగును గనుకనే ఇంజనీర్లు ఈ రెండు స్థితులకును లెక్కలు కట్టుదురు. కాని భూకంపము ముందుగా చెప్పి రాదు. వచ్చిన మరునాడే నీళ్ళ అవసరము హెచ్చు. ఖాళీ చేయుట మందు కాదు.

ఊడిన చోట తాపీమేస్త్రీచే సిమెంటు పూయించి రంగు వేయించినచో తుప్పు కనబడకుండ పోవునే గాని ఆగదు. లోపల పెరిగిన తుప్పు క్రొత్త పూతను సైతము పగులగొట్టును. ఇనుమును శుభ్రపరచి, సన్నగిలిన చువ్వలకు తోడు చువ్వలు కట్టించి, ఇంజనీరు పర్యవేక్షణలో కాంక్రీటు వేయింపవలెను. దూలములు స్తంభములను కలియుచోట్ల బీటలున్నవా యని తప్పక చూడవలెను.

రంగు పనిని వాయిదా వేసి, ఇంజనీరును పిలిపించుటకు ఆ పంచాయతీవారు తీర్మానించిరి. తీర్మానమును ప్రతిపాదించినది రాయి పెద్దదైన త్వరగా ఊగునన్న ఆ పెద్దవారే. పిల్లల భోజనపు వరుసను మాత్రము తీర్మానము వ్రాయుటకు ముందే, ఆ మధ్యాహ్నమే, బడి వసారాలోనికి మార్చిరి.