చిట్టా వ్రాయుటకు పట్టు కాలము

రేడియో నిలయమున ఏ కార్యక్రమము ఎప్పుడు మొదలైనదో, నడుమ ఎచ్చట అంతరాయము కలిగినదో వ్రాసి యుంచుటకు ఒక చిట్టా ఉండును. ఆ చిట్టా లేక మాకు గడవదు. కాని మైకు ముందు కూర్చున్నవారే మాటమాటకును ఆగి కలము పట్టవలసివచ్చినచో ప్రసారము సాగునా? కంప్యూటరు ప్రోగ్రాములకు వచ్చిన చిక్కు సరిగా ఇదియే.

బ్యాంకు లెక్కలు చూచునదైనను, రైలు టిక్కెట్లు ఇచ్చునదైనను, ప్రోగ్రాము తాను చేసిన పనులను ఎప్పటికప్పుడు నమోదు చేయుచుండును. దీనిని లాగు అందురు. డేటాబేసులో వ్రాసినచో వెదకుట సులభమని పలువురు ఆ మార్గము త్రొక్కుదురు. అయితే డేటాబేసు మాటకు కట్టుబడునది. "వ్రాసితిని" అని చెప్పుటకు ముందు ఆ పంక్తి డిస్కుపైకి నిజముగా చేరవలెను. నిమిషమునకు 7,200 చుట్లు తిరుగు డిస్కునకు ఒక్క చుట్టుకు 8 మిల్లీసెకన్లకు పైగా పట్టును. పంక్తి పంక్తికి ఒక చుట్టు వేచియుండవలసివచ్చినచో, ఒకదాని వెనుక ఒకటిగా సెకనుకు 120 పంక్తులకు మించి వ్రాయలేము. నేటి ఫ్లాష్ డిస్కులు మిక్కిలి వేగము గలవే; వేచియుండుట తగ్గినది గాని తొలగలేదు. పట్టికకు చేర్చిన ప్రతి ఇండెక్సును కూడ ప్రతి పంక్తికిని సరిదిద్దవలెను.

నూరు పంక్తులు ప్రోగుచేసి ఒక్కసారి వ్రాసినచో ఒక్కసారియే వేచియుండిన చాలును. కాని యంత్రము హఠాత్తుగా నిలిచిపోయినచో, ప్రోగులో నున్న పంక్తులు పోవును. ఎందువలన నిలిచినదో చెప్పవలసినవి తరచు అవియే! పోస్ట్‌గ్రెస్ అను డేటాబేసులో డిస్కునకై వేచియుండవలదని ఆజ్ఞాపింపవచ్చును. మామూలు ఏర్పాటులో 200 మిల్లీసెకన్లకొకసారి డిస్కునకు చేర్చును. ప్రమాదము జరిగినచో అందుకు మూడింతల కాలపు వ్రాతవరకు పోవచ్చును.

ఇంతకన్న వింతైనది మరొకటి కలదు. సొమ్ము బదిలీయు, దాని చిట్టాయు ఒకే లావాదేవీగా వ్రాసితిమనుకొందము. బదిలీ విఫలమైనచో డేటాబేసు సర్వమును రద్దుచేయును; విఫలమైనదని వ్రాసిన పంక్తియు దానితో తుడిచిపెట్టుకొనిపోవును. కావున వైఫల్యపు చిట్టాను వేరు లావాదేవీగా వ్రాయవలెను.

సొమ్మునకు సంబంధించిన పంక్తికై వేచియుండుట న్యాయమే. ఎవరు ఏ పుట చూచిరన్న పంక్తులను మాత్రము మొదట మామూలు ఫైలులో వ్రాసికొని, తీరికగా డేటాబేసునకు చేర్చవచ్చును. ఆ వరుసయు నిండిపోయినచో? ప్రోగ్రామును ఆపుటకన్న కొన్ని పంక్తులు వదలి, ఎన్ని వదలినదియు ఆ సంఖ్యను వ్రాయుట మేలని మాకు తోచుచున్నది.