పాలకూర, పళ్ల సలాడ్: రెస్టారెంట్ రుచి, మన సాలూరు సరుకు

సాలూరు నుంచి మీ అక్క మళ్లీ వచ్చేసింది. ఈ రోజు పొయ్యితో పని ఐదు నిమిషాలే. రెస్టారెంట్‌లో పెద్ద తెల్ల ప్లేట్‌లో పెట్టి ఇస్తారు చూడండి, పాలకూర, పళ్లు కలిపిన సలాడ్, అది చేద్దాం. పైన పోసే డ్రెస్సింగ్ కూడా ఇంట్లోనే చేద్దాం. సీసా కొనక్కర్లేదు.

ఇదే ఎందుకంటే, హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటున్న ఒక చెల్లెలు మెసేజ్ పెట్టింది. "అక్కా, రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9 వచ్చింది. ఏ వీడియో చూసినా రోజూ పాలకూర సలాడ్ తినమంటన్నారు. తింటే పెరిగిపోద్దా? వైజాగ్‌లో ఒకసారి తిన్నాను, భలే ఉంది. నేను రూమ్‌లో చేసుకుంటే మాత్రం గడ్డి నమిలినట్టుంది" అని. ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి రుచి గురించి, రెండోది రక్తం గురించి. రెండూ చెప్తాను. వీడియో మధ్యలో ఆపేసి వెళ్లిపోకండి, రెండోదే అసలు ముఖ్యం.

ముందు రుచి. గడ్డిలా ఎందుకుంటాది? మొదటి కారణం ఆకు. రెస్టారెంట్ వాళ్లు వాడేది బేబీ స్పినాచ్, అంటే మొక్క లేతగా ఉన్నప్పుడే కోసేసిన ఆకు. నోట్లో వేస్తే మెత్తగా ఉంటాది. మన బజార్లో పాలకూర అని అమ్మేదాంట్లో చాలావరకు బీట్‌రూట్ జాతి మొక్కే. ఆకు దళసరి, కాడ లావు, కొంచెం మట్టి వాసన. పప్పులోకి అదే బాగుంటాది, పచ్చిగా తినాలంటే మాత్రం కాస్త పని చెయ్యాలి.

ఏం పనంటే, కట్టలోంచి చిన్న ఆకులు ఏరుకోండి. అరచేతి కంటే పెద్దగా ఉన్నవి పక్కన పెట్టెయ్యండి, రేపు పప్పులోకి వస్తాయి. చిన్న ఆకులకి కూడా కాడ మొత్తం తుంచెయ్యండి. నాలుగైదు ఆకులు ఒకదాని మీద ఒకటి పేర్చి, చాపలా చుట్టి, సన్నగా తరగండి. తరగడం మాత్రం కడిగి ఆరబెట్టాకే. ఇద్దరికి రెండు చిన్న కట్టలు చాలు, ఆకు సుమారు 100 గ్రాములు వస్తాది.

రెండో కారణం తడి. ఇక్కడే అందరం సలాడ్ పాడుచేసేది. ఆకు మీద నీళ్లుంటే డ్రెస్సింగ్ అంటుకోదు, జారి గిన్నె అడుక్కి పోద్ది. పైన చప్పగా, అడుగున పుల్లగా అయిపోద్ది.

కడగడం ఎలాగో చూడండి. పెద్ద గిన్నె నిండా నీళ్లు పోసి ఆకు వేసి చేత్తో కదపండి. రెండు నిమిషాలు వదిలెయ్యండి. మట్టి అడుక్కి దిగుతాది. అప్పుడు ఆకుని చేత్తో పైకి తియ్యండి. గిన్నె వంచి నీళ్లు పారబొయ్యకండి, దిగిన మట్టి మళ్లీ ఆకు మీదకే వస్తాది. ఇలా మూడు సార్లు. ఆఖరి సారి చల్లటి నీళ్లలో పది నిమిషాలు ఉంచండి. ఆకు నీళ్లు పీల్చుకుని కరకరలాడుతాది. ఫ్రిజ్ లేదా? కుండ నీళ్లు చాలు.

ఇక ఆరబెట్టడం. హోటల్లో దీనికి గిర్రున తిప్పే గిన్నె ఉంటాది. మనకి ఉతికిన నూలు తువ్వాలు చాలు. ఆకుని తువ్వాల్లో మూట కట్టి, పెరట్లోకి వెళ్లి నాలుగుసార్లు గట్టిగా గిర్రున తిప్పండి. నీళ్లన్నీ బయటికి కొట్టేస్తాయి. పక్కన ఎవరూ లేకుండా చూసుకోండి, అంతే!

ఇప్పుడు పళ్లు. రెస్టారెంట్ మెనూలో స్ట్రాబెర్రీ అని, బ్లూబెర్రీ అని ఉంటాది. అవి లేకపోతే సలాడ్ కాదేటి? మన ఊరు కొండల కింద ఉంది. వేగావతి దాటి ఘాట్ ఎక్కితే సుంకి, పొట్టంగి, ఆ మీద కోరాపుట్. పండుకి కరువేటి మనకి?

సీజన్ బట్టి ఎంచుకోండి. వానలు మొదలయ్యాక అనాస వస్తాది. సీతంపేట వైపు కొండల మీద పండే అనాస ఇది, కాయ చిన్నది, వాసన మాత్రం వీధి చివరికి తెలుస్తాది. చలికాలంలో జామ. ఆ రోజుల్లోనే లంబసింగి స్ట్రాబెర్రీలు కూడా దొరుకుతాయి, సరదా ఉంటే వేసుకోండి. ఉగాది దాటాక దోరమామిడి. సీతాఫలం ఎంత ఇష్టమైనా దీంట్లో వెయ్యకండి, గుజ్జయిపోయి ఆకుకి అంటుకుంటాది. పండు ఏదైనా గట్టిగా ఉండాలి, కొంచెం పులుపుండాలి.

ఇంకో మాట. కొండ మీద నుంచి తెల్లారగట్ల బయల్దేరి, తలమీద తట్ట పెట్టుకుని దిగొచ్చిన ఆవిడ దగ్గర అనాస కాయకి పది రూపాయలు బేరమాడతాం. అదే అనాస నాలుగు ముక్కలు సలాడ్‌లో వేసి వందల రూపాయల బిల్లు ఇస్తే, నోరెత్తకుండా స్కాన్ చేసి కట్టేస్తాం. ఈ సలాడ్ ఇంట్లో చేస్తే మీకు మిగిలే డబ్బులు చాలా ఉంటాయి. అందులో ఆ పది రూపాయలు ఆవిడకి వదిలెయ్యండి.

ఈ రోజు నేను తీసుకున్నవి చెప్తాను, రాసుకోండి. అనాస ముక్కలు ఒక కప్పు. దోరజామపండు ఒకటి, గింజ భాగం గట్టిగా ఉంటే తీసేసి సన్నముక్కలు. దానిమ్మ గింజలు అర కప్పు. కీరా దోసకాయ సగం. జీడిపప్పు పది, పన్నెండు. మన సాలూరు, పాచిపెంట చుట్టూ జీడితోటలున్నాయి కదా, బద్దలైనా పర్లేదు, ముక్కపప్పు చవగ్గా దొరుకుతాది.

జీడిపప్పు ఒక్కటే పొయ్యి మీద పని. కళాయిలో నూనె లేకుండా, సన్నమంట మీద, నాలుగైదు నిమిషాలు కదుపుతూ వేయించండి. లేత బంగారం రంగు రాగానే వేరే ప్లేట్‌లోకి తీసెయ్యండి. కళాయిలోనే ఉంచేస్తే ఆ వేడికి ఇంకా వేగి నల్లబడతాది.

ఇక డ్రెస్సింగ్. జాగ్రత్తగా వినండి, రెస్టారెంట్ రుచి అంటే తొంభై శాతం ఇదే. డ్రెస్సింగ్ అంటే నూనె, పులుపు. ఈ రెండూ కలవవు, సీసాలో వేసి ఊపితే కలిసినట్టుండి రెండు నిమిషాల్లో విడిపోతాయి. వాటిని పట్టి ఉంచేది ఇంకోటి కావాలి. ఫ్రాన్స్ వాళ్లు దీనికి డిజాన్ మస్టర్డ్ వేస్తారు. మస్టర్డ్ అంటే ఏటి? ఆవ! పులిహోరలో, కూరల్లో మనం పెట్టే ఆవే. ఆవగింజ పొట్టులో జిగురుంటాది, అదే నూనెనీ నిమ్మరసాన్నీ విడిపోకుండా పట్టుకుంటాది. సూపర్ మార్కెట్‌లో డిజాన్ సీసా ఖరీదు చూసి భయపడకండి, మీ పోపులపెట్టెలోనే ఉంది అది.

అర టీస్పూన్ ఆవాలు మెత్తగా నూరండి. ఒక టీస్పూన్ చల్లటి నీళ్లు వేసి కలిపి పది నిమిషాలు వదిలెయ్యండి. ఘాటు అప్పుడే లేస్తాది. నిమ్మరసం ముందే వేసేస్తే ఘాటు సరిగ్గా రాదు. పది నిమిషాలయ్యాక ఒకటిన్నర టేబుల్ స్పూన్ల నిమ్మరసం, ఒక టీస్పూన్ తేనె, పావు టీస్పూన్ ఉప్పు, పావు టీస్పూన్ మిరియాల పొడి వెయ్యండి. ఉప్పు కరిగేదాకా కలపండి. ఉప్పు నూనెలో కరగదు, అందుకే నూనె కంటే ముందు వెయ్యాలి.

తేనె నేను గిరిజన్ తేనె వాడతాను. గిరిజన సహకార సంస్థ, జీసీసీ అంటాం, 1956 నుంచి ఉంది. కొండల్లో గిరిజనులు సేకరించిన తేనె, చింతపండు లాంటివి వాళ్ల దగ్గరే కొంటాది.

ఇప్పుడు నూనె మూడు టేబుల్ స్పూన్లు. ఆలివ్ నూనే ఉండాలని లేదు. గానుగ నువ్వుల నూనె గాని వేరుశెనగ నూనె గాని చాలు. సన్నటి ధారగా పోస్తూ ఫోర్క్‌తో గిలకొట్టండి. చూడండి, చూస్తుండగానే చిక్కబడి పాలమీగడ రంగుకి వచ్చింది కదా? అదే మనకి కావాల్సింది. మామూలుగా నూనె మూడు వంతులు, పులుపు ఒక వంతు అంటారు. మనం రెండుకి ఒకటి వేశాం. ఎందుకంటే పళ్ల తీపి ఉంది, పాలకూర మట్టి వాసన కూడా ఉంది. రెండింటికీ పులుపు కొంచెం ఎక్కువ కావాలి. రుచి చూడాలంటే చెంచాతో నాకకండి, ఒక ఆకు ముంచి తినండి. ఉత్తి డ్రెస్సింగ్ నాలిక మీద ఎప్పుడూ ఘాటుగానే ఉంటాది.

గడ్డి రుచికి మూడో కారణం, ముందే కలిపేసి పెట్టుకోవడం. ఉప్పు తగిలితే ఆకులో నీళ్లు బయటికొస్తాయి, నూనె తగిలితే ఆకు నల్లబడి వాడిపోద్ది. అందుకని తినేవాళ్లు కూర్చున్నాకే కలపాలి. వెడల్పు గిన్నెలో ఆకు వేసి, డ్రెస్సింగ్‌లో సగమే పోసి, చేత్తో అర నిమిషం మెల్లగా పట్టించండి. మన దళసరి ఆకు అప్పుడే మెత్తబడతాది. తర్వాత పళ్లు, కీరా వేసి పైకీ కిందకీ రెండుసార్లు తిప్పండి. పైన దానిమ్మ, జీడిపప్పు. మిగతా డ్రెస్సింగ్ కావాలంటే పోసుకోండి. పది నిమిషాల్లో తినెయ్యాలి.

పనీర్ వేసుకుంటే ఆఖర్న పైన పెట్టండి. పచ్చి అనాసలో ఒక ఎంజైము ఉంటాది, పాల పదార్థంతో ఎక్కువసేపు కలిసుంటే చేదెక్కుతాది. పెరుగు డ్రెస్సింగ్ చేసినప్పుడు అనాస మానెయ్యండి.

హాస్టల్ వాళ్లకి చిట్కా. పొద్దున్నే ఆరబెట్టిన ఆకు ఒక డబ్బాలో, పళ్లు ఒక డబ్బాలో, డ్రెస్సింగ్ చిన్న సీసాలో పట్టుకెళ్లండి. మధ్యాహ్నం సీసా ఒకసారి ఊపి కలుపుకోండి.

సరే, చెల్లెమ్మా, ఇప్పుడు నీ రెండో ప్రశ్న. హిమోగ్లోబిన్ 9 ఉంటే పాలకూర సలాడ్‌తో పెరిగిపోద్దా? పెరగదు. లెక్క చెప్తాను. ఆడపిల్లకి రోజుకి 29 మిల్లీగ్రాముల ఐరన్ తీసుకోమని మన ఐసీఎంఆర్ 2020లో చెప్పింది. 100 గ్రాముల పాలకూరలో ఉండేది సుమారు 3. పదో వంతు. అది కూడా మొత్తం ఒంటబట్టదు. మొక్కల్లో ఉండే ఐరన్‌ని ఒళ్లు తక్కువే తీసుకుంటాది.

మరి పళ్లెందుకు వేశాం? అందం కోసం కాదు. విటమిన్ సి ఉంటే ఆ ఐరన్ ఎక్కువ ఒంటబడతాది. జామపండులో నారింజ కంటే నాలుగు రెట్లు విటమిన్ సి ఉంటాది. హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, అక్కడి శాస్త్రవేత్తలు కౌమార వయసు పిల్లలకి అన్నంతో పాటు జామపండు ఇచ్చి చూశారు. ఐరన్ ఎక్కువ ఒంటబట్టిందని 2013లో ప్రచురించారు. కాబట్టి జామ ఉత్తి సలాడ్‌కే కాదు, హాస్టల్ పప్పన్నంతో తిన్నా మంచిదే. తిన్న వెంటనే టీ, కాఫీ మాత్రం తాగకు. వాటిలో ఉండేవి ఐరన్‌ని పట్టేసుకుంటాయి. ఒక గంట ఆగు.

అయినా సలాడ్ మందు కాదు. ఆడవాళ్లకి 12 కంటే తక్కువుంటే రక్తహీనత అంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి అది ఉందని తేలింది. నీ ఒక్కదానికే కాదు, సిగ్గుపడక్కర్లేదు. కానీ 9 అంటే సలాడ్ తింటూ ఎదురుచూసే అంకె కాదమ్మా. ప్రభుత్వాసుపత్రికి వెళ్లు, ఎందుకు తగ్గిందో చూపించుకో. నెలసరి ఎక్కువవుతోందా, నులిపురుగులున్నాయా, ఇంకేదైనా ఉందా అన్నది వాళ్లు చూసి చెప్పాలి. ఐరన్ మాత్రలు ఇస్తే కడుపులో తిప్పుతోందని మానెయ్యకు, మళ్లీ వెళ్లి చెప్పు, మారుస్తారు. ఈ సలాడ్ మాత్రకి తోడు, మాత్ర బదులు కాదు.

ఇంకొన్ని జాగ్రత్తలు, అందరికీ. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడిగే తినండి. ఏడాది లోపు పిల్లలకి తేనె తగలనివ్వకండి. జోరువానలప్పుడు పచ్చి ఆకు తినాలంటే నాకూ ధైర్యం చాలదు. అప్పుడు మరిగే నీళ్లలో అర నిమిషం ముంచి, తీసి, కాచి చల్లార్చిన నీళ్లలో వేసి, పిండి వాడుకోండి. కరకరలుండవు గాని కడుపుకి నిశ్చింత.

సలాడ్ అంటే పట్నం తిండి అనుకునేవాళ్లకి ఒక మాట. శ్రీరామనవమికి నానబెట్టిన పెసరపప్పులో కీరా, మామిడికాయ, కొబ్బరి కోరు కలిపి వడపప్పు పంచుతాం. అదేటి మరి? ఆ నానిన పెసరపప్పు గుప్పెడు దీంట్లో వేసుకోండి, కడుపు కూడా నిండుతాది.

చేసుకుని ఎలా వచ్చిందో కింద రాయండి. మీ ఊళ్లో ఏ పండు దొరికితే ఆ పండుతోనే చెయ్యండి, ఏ పండు వేశారో కూడా రాయండి. చెల్లెమ్మా, నువ్వు మాత్రం ముందు ఆసుపత్రికి వెళ్లొచ్చి మెసేజ్ పెట్టు, చూస్తుంటాను. ఉంటాను మరి, వచ్చే వీడియోలో కలుద్దాం.