వివక్ష గాయానికి చికిత్స

2017 ఫిబ్రవరిలో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం ఒలేథేలో ఒకడు "నా దేశం నుంచి పోండి" అని అరిచి, ఒక తెలుగు ఇంజనీరును కాల్చి చంపాడు. తూటా తగలని మనవాళ్లు కూడా ఆ తర్వాత నలుగురిలో తెలుగు మాట్లాడటానికి జంకారు. నల్లజాతివారికి ఈ బెదురు తరతరాలది. 2007లో మనస్తత్వవేత్త రాబర్ట్ కార్టర్ జాతి వివక్ష మిగిల్చే ఈ బెదురును జబ్బుగా కాదు, ఎదుటివారు చేసిన గాయంగా చూడాలన్నారు.

ఈ గాయానికి చికిత్స చేసే థెరపిస్టు ముందుగా తానే అడగాలి: "రంగు వల్లో, యాస వల్లో మిమ్మల్నెవరైనా చులకన చేశారా?" అడగకపోతే చాలామంది నోరు విప్పరు. చెప్పాక "వాళ్ల ఉద్దేశం అది కాదేమో" అన్నారా, ఇక ఆ మనిషి మళ్లీ రాడు!

ఇలా గాయపడినవారికి షాపు క్యూలో వెనక ఎవరో గొంతు పెంచగానే గుండె దడదడలాడుతుంది, భుజాలు బిగుసుకుంటాయి. అప్పుడు నెమ్మదిగా ఊపిరి వదలడం, పాదాలు నేలకు ఆనించి నిలబడటం థెరపిస్టు నేర్పుతారు. అలాగని జాగ్రత్తను భ్రమ అని కొట్టిపారేయకూడదు. ప్రమాదం నిజంగానే ఉండొచ్చు. అవమానం జరిగినప్పుడు మింగేసిన జవాబును థెరపీ గదిలో పైకి అనిపించి చూస్తారు. బయట అనాలా వద్దా అన్నది బాధితుల ఇష్టం.

థెరపిస్టును ఎంచుకునేటప్పుడు, జాతి వివక్ష బాధితులతో పనిచేశారా అని మొదటిరోజే అడగండి. మాట దాటేస్తే మరొకరిని వెతుక్కోవచ్చు.