పనిముట్లు కుదిరితేనే పని
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



విద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు మమ్ములను కోరారు. ఇల్మ్ గొప్పతనాన్ని గూర్చి పెద్దలు యీ వేదిక మీద ఎన్నోసార్లు సెలవిచ్చారు. మేము నేడు ఆ ఇల్మ్ గుమ్మంలో అడ్డుపడే ఒక చిన్న రాయిని గూర్చి మాత్రమే చెప్పదలచాము.

నేడు సెల్‌ఫోన్ లేని యిల్లు అరుదు. దానిని వాడడంలో పిల్లలు మనకంటె నేర్పరులు. కాని ఆ తెర మీద కనిపించే బటన్లు, గడులు, బొమ్మలు ఎవరో ఒకరు కూర్చొని తయారుచేసినవే గదా! ఆ తయారుచేసేవారిలో మన పిల్లలు ఎందరున్నారు? ఎప్పటికీ వాడేవాళ్ళుగానే వుండిపోవాలా, చేసేవాళ్ళు కూడా కావాలా అన్నదే ప్రశ్న.

ఇటువంటి యాప్‌లు చేయడానికి భాషలు చాలా వున్నవి. వుదాహరణకు డార్ట్ అనే భాషను తీసుకుందాము. దీనిని గూగుల్ వారు 2011 అక్టోబరులో ప్రకటించారు. ఈ భాషతో తెర మీది బొమ్మలను కట్టే సామగ్రి పేరు ఫ్లట్టర్. దాని మొదటి పూర్తి రూపం 2018 డిసెంబరులో వెలువడింది. ఒకసారి వ్రాసిన ప్రోగ్రాము కొద్ది మార్పులతో ఆండ్రాయిడ్ ఫోనులోను, బ్రౌజరులోను, విండోస్, లైనక్స్ కంప్యూటర్లలోను నడుస్తుంది. దీనికి పైసా రుసుము లేదు. ఐఫోనుకు చేయాలంటే ఆపిల్ వారి మాక్ కంప్యూటర్ వుండాలి గనుక, దానిని ప్రస్తుతానికి పక్కన పెడదాము.

మరి అంతా వుచితమైతే పిల్లలు ఎందుకు ఆగిపోతున్నారు? భాష కష్టమై కాదండీ. భాషలోకి అడుగు పెట్టకముందే, పనిముట్లు అమర్చుకొనే చోటనే ఆగిపోతున్నారు. దర్జీ పని నేర్చుకొనే కుర్రవాడికి మిషన్‌లో దారం ఎక్కించడమే రాకపోతే, కుట్టు సంగతి ఎక్కడిది?

ఆ పనిముట్లు ఏవో చూద్దాము. మొదటిది ఫ్లట్టర్ కిట్. డార్ట్ భాష దానిలోనే వుంటుంది. రెండవది గిట్ అనే చిన్న ప్రోగ్రాము. మూడవది, వ్రాసుకొనే పలక వంటిది, విజువల్ స్టూడియో కోడ్. నాల్గవది ఆండ్రాయిడ్ స్టూడియో, ఫోనులో నడిచే యాప్‌ను తయారుచేసే కార్ఖానా. ఇక్కడ ఒక చిక్కు వున్నది. విజువల్ స్టూడియో కోడ్ వేరు, విజువల్ స్టూడియో వేరు. పేర్లు కవల పిల్లల్లా వున్నా పనులు వేరు. విండోస్ కంప్యూటర్‌లో సొంత కిటికీగా తెరుచుకొనే ప్రోగ్రాము చేయాలంటేనే ఆ రెండవది, దానిలోని సీ ప్లస్ ప్లస్ విభాగంతో సహా, అవసరం.

ఇక అసలు రాయి పాత్ అనేది. కిట్‌ను ఏ ఫోల్డరులో పెట్టామో కంప్యూటర్‌కు చెప్పాలి. చెప్పకపోతే ఫ్లట్టర్ అని టైపు చేయగానే "నాట్ రికగ్నైజ్డ్" అని ఇంగ్లీషులో జవాబు వస్తుంది. ఉర్దూ మీడియం పిల్లవాడు ఆ వాక్యం చూసి, తనకు బుర్ర లేదని యంత్రం తేల్చి చెప్పినట్లు భావించి లేచిపోతాడు. దాని అర్థం అది కాదు నాయనా! "నీవు పిలిచిన మనిషి చిరునామా నాకు తెలియదు" అని మాత్రమే. కిట్‌లోని బిన్ అనే ఫోల్డరు చిరునామాను పాత్ జాబితాలో చేర్చి, తెరచి వున్న కిటికీని మూసి మళ్ళీ తెరిస్తే సరి. కిట్‌ను ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డరులో పెట్టరాదు. అక్కడ అనుమతుల తగవు వస్తుంది.

తరువాత ఫ్లట్టర్ డాక్టర్ అని టైపు చేయాలి. పేరుకు తగ్గట్టే అది నాడి పట్టి చూస్తుంది. అన్నీ సక్రమంగా వున్న చోట టిక్కు, లోపం వున్న చోట ఆశ్చర్యార్థకమో ఇంటూ గుర్తో పెట్టి, చాలావరకు మందు కూడా తానే వ్రాసిస్తుంది. ఆండ్రాయిడ్ లైసెన్సులు ఒప్పుకోలేదని చెప్పడం మామూలే. ఒక ఆజ్ఞ ఇచ్చి, నిబంధనలు చదివి, వై అని నొక్కుతూ పోతే అదీ తీరుతుంది. అన్ని టిక్కులూ పడాలని మొదటి రోజే పట్టుబట్టనక్కరలేదు. క్రోమ్ బ్రౌజరు వుంటే చాలు, ఆండ్రాయిడ్ సామగ్రి లేకుండానే మొదటి ప్రోగ్రాము దానిలో నడిపి చూడవచ్చు. బీద యింటి కంప్యూటర్‌కు ఇదే మంచి దారి.

ఫోను మీద చూడాలన్నప్పుడు కూడా, కంప్యూటర్‌లోనే ఫోను బొమ్మను నడిపే ఎమ్యులేటర్ జోలికి పోవద్దు. అది మెమరీని మింగేస్తుంది. చేతిలో ఫోను వున్నది గదా! సెట్టింగులలో బిల్డ్ నంబర్ మీద 7 సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్లు తెరుచుకుంటవి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, వైరుతో కలిపితే సరిపోతుంది. మొదటిసారి నడిపినప్పుడు ఎన్నో ఫైళ్ళు ఇంటర్నెట్ నుండి దిగుతవి. చాలాసేపు కదలనట్లు కనబడుతుంది. సబూరీ పట్టాలి. మధ్యలో మూసివేయరాదు.

కొత్త ప్రోగ్రాము సృష్టించగానే ఒక నమూనా దానంతటదే వస్తుంది. బటను నొక్కిన కొద్దీ అంకె పెరుగుతుంది. రంగు మార్చి సేవ్ చేస్తే, మళ్ళీ మొదటి నుండి నడపకుండానే తెర మీద రంగు మారుతుంది. దీనిని హాట్ రీలోడ్ అంటారు. తాను వ్రాసిన ముక్క తన కళ్ళ ముందే రూపం మార్చిందని చూసిన పిల్లవాడు ఇక లేచిపోడు. ఆ ఘడియ దాకా చేయి పట్టి నడిపించడమే మన పని.

మన భాష సంగతి కూడా చెప్పాలి. ఉర్దూ కుడి నుండి ఎడమకు నడుస్తుంది. ఫ్లట్టర్‌లో ఉర్దూను భాషగా ఎంచుకుంటే, మొత్తం తెర అమరికే కుడి నుండి మొదలవుతుంది. కాని ప్రోగ్రాము వ్రాసేటప్పుడు ఎడమ, కుడి అని వ్రాయక, మొదలు, చివర అని వ్రాయాలి. అప్పుడే ఒకే తెర ఉర్దూలోను, తెలుగులోను సరిగా కుదురుతుంది. నస్తాలీఖ్ లిపి కోసం నోటో నస్తాలీఖ్ ఉర్దూ అనే అక్షరాలు వుచితంగా దొరుకుతవి. ఆ లిపి ఏటవాలుగా దిగుతుంది గనుక వరుసల మధ్య ఎడం ఎక్కువ వుంచాలి. ఒకప్పుడు ఉర్దూ పత్రిక ప్రతి పేజీని కాతిబులు చేతితో వ్రాసేవారు. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ గారి నూరీ నస్తాలీఖ్ వచ్చిన తరువాతనే ఆ లిపి కంప్యూటర్ అచ్చులో నిలబడింది. వారు వేలాది అక్షర సంపుటులను ఓపికతో గీశారు. ఆ శ్రమ ఫలితమే నేడు మనం అనుభవిస్తున్నాము. మన వంతు ఏమి చేస్తున్నాము?

మొదటి ప్రోగ్రాముగా పిల్లలకు జకాత్ లెక్క ఇవ్వవచ్చు. ఒక గడిలో సొమ్ము వేస్తే, నిసాబ్ దాటినదా అని చూసి, 40వ వంతు ఎంతో చెప్పాలి. ఒక గడి, ఒక బటను, ఒక జవాబు. తరువాత సంఘం గ్రంథాలయ పుస్తకాల జాబితా చేయించవచ్చు.

ఇక సంఘం పెద్దలకు మా విన్నపం. స్కాలర్‌షిప్పులు ఇస్తున్నారు, నోటు పుస్తకాలు పంచుతున్నారు. మంచిదే. దానితోపాటు కనీసం 8 జీబీ మెమరీ గల ఒక్క కంప్యూటర్‌ను పనిముట్లన్నీ అమర్చి కార్యాలయంలో వుంచండి. ఇన్‌స్టాల్ చేసే పెద్ద ఫైళ్ళను పెన్‌డ్రైవ్‌లో భద్రపరిస్తే, ప్రతి యింటివారు డేటా ఖర్చు పెట్టనక్కరలేదు. ఇంజనీరింగ్ చదివిన మన యువకులు ఆదివారం రెండు గంటలు వచ్చి కూర్చోవాలి. ఆడపిల్లలకు వేరే వేళ కేటాయించి, చదువుకున్న మన అమ్మాయిలతోనే నేర్పించాలి. తరచు కనబడే ఇంగ్లీషు సందేశాలకు ఉర్దూలోను, తెలుగులోను అర్థాలు వ్రాసి గోడకు అంటించే బాధ్యత మా ఉపాధ్యాయులది.

రాయి చిన్నదే. కాని దానికి తట్టుకొని వెనుదిరిగిన బిడ్డ, తన కాళ్ళలోనే బలం లేదని జన్మంతా నమ్ముతాడు. ఆ నమ్మకమే మన జమాత్‌కు అసలు నష్టం. ఆ రాయిని తీసే తౌఫీఖ్ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.