తీపి ఎంత అని కాదు, ఎన్నిసార్లు అని చూడండి!

పిప్పి పన్నులో పురుగేమీ ఉండదండి. నోట్లో ఉండే స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ లాంటి బ్యాక్టీరియా చక్కెరను తిని యాసిడ్ తయారుచేస్తుంది. పీహెచ్ దాదాపు 5.5 కన్నా తగ్గితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. దాన్ని మళ్లీ సరిచేసేది మన లాలాజలమే. కానీ దానికి అరగంట, ఒక్కోసారి గంట కూడా పడుతుంది.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు చూసేవాణ్ణి, చాలామంది ఒక్క కప్పు టీని గంటసేపు కొంచెం కొంచెంగా తాగేవాళ్లు. అలా తాగితే లాలాజలానికి గ్యాప్ ఎక్కడ దొరుకుతుంది? అదే తీపి భోజనంతో పాటు ఒకేసారి తినేస్తే నష్టం తక్కువ.

నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. అందుకే రాత్రి ఫ్లోరైడ్ పేస్టుతో బ్రష్ చేశాక నీళ్లు తప్ప ఇంకేం వద్దు. ఒకసారి గుంత పడిందంటే అది దానంతటదే పూడదు. నొప్పి వచ్చేదాకా ఆగకుండా డెంటిస్ట్‌ని కలవండి.