ఆహ్వానపత్రికలో లేని పేరు

స్మారకోపన్యాసం అన్నాక, ఎవరి స్మృతిలో మాట్లాడుతున్నామో ముందు వారి పేరు తలచుకుని, ఆపైన విషయంలోకి దిగడం మర్యాద. నాకా అవకాశం లేదు. మీ చేతిలోని ఆహ్వానపత్రిక చూడండి. ‘ఒక తమ్ముడి స్మారకార్థం’ అని మాత్రమే ఉంది. ఈ నిధి ఏర్పాటు చేసిన అక్కగారు పేరు వేయించలేదు. ఎందుకమ్మా అంటే, “మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నామండీ” అన్నారు. ఈ సాయంత్రం నేను చెప్పాలనుకున్నదాంట్లో సగం ఆవిడే చెప్పేశారు.

మిగతా సగం నా ఉద్యోగంలోంచి వచ్చింది. 28 ఏళ్ళు ఒక బీమా కంపెనీలో పనిచేశాను, ఎక్కువకాలం క్లెయిముల విభాగంలోనే. మా మెడిక్లెయిము పాలసీ వెనకవైపు చిన్న అక్షరాల్లో మినహాయింపుల జాబితా ఉండేది. మానసిక రుగ్మతలు, తాగుడు, మత్తుమందులు, తనకు తాను చేసుకున్న గాయాలు, అన్నీ ఒకే వరసలో. డిశ్చార్జి సమ్మరీలో సైకియాట్రీ అన్న మాట కంటపడితే మిగతా కాగితాలు తిరగెయ్యనక్కర్లేదు. ‘చింతిస్తున్నాము’ అనే ఉత్తరం సిద్ధంగా ఉండేది, పేరూ పాలసీ నంబరూ మార్చడమే. నిజానికి ఆ ఉత్తరం రాయాల్సిన అవసరమే తక్కువ. అడిగేవాళ్ళేరీ? గుండె ఆపరేషన్ క్లెయిము కొట్టేస్తే కౌంటరు దగ్గర కేకలు, యూనియన్ నాయకుడి నుంచి ఫోను. ఇక్కడ మాత్రం కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని వెళ్ళిపోయేవారు. ఇదేం న్యాయమని ఆ రోజుల్లో నేనూ ఎవర్నీ అడగలేదు. జీతం తీసుకున్నాను.

అడిగినవాళ్ళ సంగతి నాకు రిటైరయ్యాక తెలిసింది. 1977లో అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్ అనే ఊళ్ళో, హారియెట్ షెట్లర్, బెవర్లీ యంగ్ అనే ఇద్దరు తల్లులు భోజనాల దగ్గర మాటల్లో పడ్డారు. ఇద్దరి కొడుకులకూ స్కిజోఫ్రీనియా. తల్లి పెంపకం వల్లే ఈ జబ్బు వస్తుందని అంతకుముందు దశాబ్దాల్లో పేరున్న వైద్యులే రాశారు. మనకా సిద్ధాంతం కోసం గ్రంథాలు చదవనక్కర్లేదు, పక్కింటి అరుగు మీదే దొరుకుతుంది. ఆ తల్లులు కూడగట్టిన చిన్న బృందం పేరులో ఇంగ్లీషు పొడి అక్షరాలు కలిపితే ‘అమీ’ అవుతుంది. ఫ్రెంచిలో స్నేహితుడని అర్థం. రెండేళ్ళకు, 1979లో, దేశం నలుమూలల నుంచి ఇలాంటి కుటుంబాలు అదే ఊరికి వచ్చి కలిశాయి. ఇవాళ ‘నామీ’ అని పిలిచే సంస్థ అలా పుట్టింది.

వాళ్ళు అడిగినవాటిలో బీమా ఒకటి. శరీరానికి జబ్బు చేస్తే చెల్లించినట్టే మనసుకు చేసినా చెల్లించమన్నారు. సెనేట్‌లో ఆ మాట ఎత్తుకున్న ఇద్దరూ రాజకీయంగా ఉప్పూ నిప్పూ. పీట్ డొమినిచి రిపబ్లికన్, పాల్ వెల్‌స్టోన్ పచ్చి ఉదారవాద డెమోక్రాట్. డొమినిచి కూతురికి స్కిజోఫ్రీనియా, వెల్‌స్టోన్ అన్నకు తీవ్రమైన మానసిక వ్యాధి. ఇద్దరూ ఆ సంగతి దాచుకోలేదు. 1996లో తొలి చట్టం తెచ్చారు. ఏడాదికింత, జీవితకాలానికింత అని పెట్టే డబ్బు పరిమితి రెండు రకాల జబ్బులకూ ఒకటే ఉండాలన్నారు. మా వృత్తివాళ్ళ తెలివి నాకు తెలుసు. డబ్బు మీద పరిమితి వద్దన్నారు గదా అని, ఆసుపత్రిలో ఇన్ని రోజులే, డాక్టరు దగ్గరికి ఇన్నిసార్లే అని లెక్క మార్చారు.

న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పన్నెండేళ్ళ కుర్రాడి కథ అక్కడే మలుపు తిరిగింది. బీమా ఇచ్చే వైద్యం చాలక, ప్రభుత్వ ఖర్చుతోనైనా దొరుకుతుందని, కన్నవాళ్ళు వాడి సంరక్షణ హక్కునే సర్కారుకు వదులుకున్నారు. అయినా 2001లో వాడు ప్రాణం తీసుకున్నాడు. ఆ తల్లిదండ్రులు కొడుకు పేరూ, వాడు పోయిన తీరూ దాచలేదు. అయిదేళ్ళపాటు కనబడిన ప్రతి శాసనసభ్యుడికీ చెప్పారు. 2006 చివర్లో వచ్చిన రాష్ట్ర చట్టానికి ‘తిమోతీస్ లా’ అని వాడి పేరే పెట్టారు. ఇది చదివిన రోజు నేను ఈ ఆహ్వానపత్రిక తీసి మళ్ళీ చూసుకున్నాను.

దేశమంతటికీ వర్తించే పూర్తి చట్టం వచ్చేసరికి వెల్‌స్టోన్ లేడు, 2002లో విమాన ప్రమాదంలో భార్యా కూతురితో సహా పోయాడు. 2008 అక్టోబరు 3న బుష్ సంతకం పెట్టింది బ్యాంకుల్ని గట్టెక్కించే 70 వేల కోట్ల డాలర్ల బిల్లు మీద. ఈ చట్టం అందులో ఒక భాగంగా చేరి గట్టెక్కింది. బ్యాంకులు మునగకపోతే ఇది ఇంకెన్నాళ్ళు పట్టేదో!

మన దగ్గర కథ తలకిందులుగా నడిచింది. చెన్నైలో స్కిజోఫ్రీనియా మీద పనిచేసే స్కార్ఫ్ వంటి సంస్థలూ, బెంగళూరులో కుటుంబాల సంఘాలూ ఏళ్ళ తరబడి పనిచేశాయి, కాదనను. కానీ బీమా కోసం ఎవరైనా మా ఆఫీసు ముందు నిలబడడం నేను చూడలేదు. వికలాంగుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి ఒడంబడికను మన దేశం 2007లో ఆమోదించింది. దానికి తగ్గట్టు పాత చట్టాన్ని మార్చాల్సి వచ్చి 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చేశారు. అందులో 21వ సెక్షను, నాలుగో ఉపసెక్షను, ఒక్క వాక్యం: శారీరక వ్యాధుల చికిత్సకు ఏ ప్రాతిపదికన బీమా ఉందో, మానసిక వ్యాధుల చికిత్సకూ అదే ప్రాతిపదికన ప్రతి బీమా సంస్థా ఏర్పాటు చేయాలి. 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. ఆ ఆగస్టులోనే బీమా నియంత్రణ సంస్థ కంపెనీలకు సర్క్యులర్ పంపింది. అయినా మినహాయింపుల జాబితాలోంచి ఆ ముక్క కదల్లేదు. చివరికి ఒక మహిళ ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. చట్టం వచ్చాక పాలసీలో ఏం రాసుకున్నా చెల్లదని 2021 ఏప్రిల్‌లో జస్టిస్ ప్రతిభా సింగ్ తీర్పిచ్చారు. అన్ని పాలసీల్లోనూ మానసిక వ్యాధుల్ని చేర్చండని 2022 అక్టోబరులో నియంత్రణ సంస్థ మళ్ళీ గడువు పెట్టింది. అమెరికాలో ముందు జనం కదిలారు, తర్వాత చట్టం వచ్చింది. మనకు చట్టం వచ్చి కూర్చుంది, జనమే ఇంకా రాలేదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. మన మెడిక్లెయిము ప్రధానంగా మంచం మీద పడుకున్నవాడికి, అదీ ఇరవైనాలుగు గంటలు. మనసు జబ్బు ఎక్కువగా నడిచేది ఓపీలో. నెలకోసారి డాక్టరు, రోజూ మాత్రలు, లిథియం వాడితే రక్తపరీక్షలు, వారం వారం కౌన్సెలింగు, ఏళ్ళ తరబడి. దీనికి చాలా పాలసీలు పైసా ఇవ్వవు. షుగరు మాత్రలకీ ఇవ్వడం లేదుగా అంటారు, ‘అదే ప్రాతిపదిక’ కాబట్టి. సమానంగా ఏమీ ఇవ్వకపోవడం కూడా సమానత్వమేనని వాదించగల మేధావులతో నేను ఒకే క్యాంటీన్లో టీ తాగాను.

ఇక ఆ పేరు సంగతి. మన ఊళ్ళలో ‘ఎర్రగడ్డ’ అంటే రైతుబజారు గుర్తుకురాదు, ‘పెద వాల్తేరు’ అంటే సముద్రం గుర్తుకురాదు, రెండుచోట్లా గుర్తొచ్చేది మానసిక వైద్యశాలే. క్లెయిము ఫారం నింపితే ఆఫీసులో తెలుస్తుంది, ఆఫీసులో తెలిస్తే ఊళ్ళో తెలుస్తుంది. అందుకని నగదు కట్టి, బిల్లు చించేసి ఇంటికొస్తాం. క్లెయిములు రాకపోతే, డిమాండు లేదని కంపెనీ రాసుకుంటుంది. ఈ అక్కగారు తమ్ముడి కోసం పదకొండేళ్ళు అలాగే కట్టారు, ఒక్క క్లెయిమూ పెట్టలేదు.

ఆవిడ పేరు వేయించలేదు గానీ ఇంకో పని చేశారు. ఆ సెక్షను తెలుగులో రాయించి, బీమా అంబుడ్స్‌మన్ హైదరాబాదు కార్యాలయం చిరునామాతో, తిరస్కరించిన ఏడాదిలోగా ఫిర్యాదు చేయాలనీ, దానికి రుసుము లేదనీ కింద వేయించి, రెండువందల జెరాక్సు కాపీలు తీయించారు. గుమ్మం పక్కన బల్లమీద ఉన్నాయి. ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా పైన మంచినీళ్ళ గ్లాసు పెట్టారు. తీసుకునేటప్పుడు గ్లాసు జాగ్రత్త.